ఊరి చెరువు, ఆరు ఆదివారాలు: టీనేజ్ పిల్లలతో వర్క్‌షాప్ ఎలా నడపాలి

మీరు బడిలో టీచరు కావచ్చు, ఊళ్లో యువజన సంఘం నడుపుతూ ఉండవచ్చు, ఉద్యోగం పట్నంలో ఉన్నా మనసు ఊరి మీద ఉన్నవారు కావచ్చు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో పర్యావరణం మీద ఏదైనా గట్టిగా చేయాలని ఉంది. మామూలుగా అయితే పర్యావరణ దినమైన జూన్ 5న ఒక సభ, ఒక వ్యాసరచన పోటీ, గేటు పక్కన ఒక మొక్క. ఆ మొక్కకు నీళ్లు పోసే పని ఎవరికీ అప్పగించరు కాబట్టి మరుసటి వేసవికి అది ఎండిపోతుంది. పిల్లలకు అందులో చేయడానికి ఏమీ లేదు, వినడమే ఉంది.

దీనికి బదులు ఊరి చెరువును పిల్లల చేతికి ఇవ్వండి. ముందు కొలవడం, ఆ తర్వాతే అడగడం. ఈ వరస ఒక్కటి మాత్రం తప్పవద్దు. పదమూడేళ్ల పిల్ల "చెరువు పాడైపోయింది" అంటే పెద్దలు సరేనని తల ఊపి వెళ్లిపోతారు. అదే పిల్ల "మోరీ నుంచి నిమిషానికి ఇన్ని లీటర్ల మురుగు చెరువులోకి పోతోంది, మేం మూడుసార్లు కొలిచాం" అంటే సర్పంచ్ కూడా కాగితం తీసుకుని చూస్తారు. నాయకత్వం మీద నేను చెప్పగలిగే పాఠం ఇంతే. మిగతాదంతా ఈ పాఠం వాళ్ల చేతుల్లోకి ఎలా ఎక్కించాలన్నదే.

మొదలుపెట్టే ముందు నెల రోజులు

చెరువు చుట్టూ ముందు మీరొక్కరే రెండుసార్లు నడవండి. ఒకసారి తెల్లవారాక, ఒకసారి పొద్దు వాలాక. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, పొలాలకు నీళ్లు వదిలే తూము పనిచేస్తోందా, చెరువు నిండాక నీళ్లు పొర్లే అలుగు ఎటు పారుతుంది, అలుగు దాటిన నీళ్లు కింద ఏ చెరువుకు చేరతాయి, ఇవన్నీ చూసుకోండి. మా వైపు అలుగును మత్తడి అంటాం. మీ ఊళ్లో ఏ మాట వాడితే ఆ మాటే వాడండి, పిల్లలు ఇంట్లో వినేది అదే. కాకతీయుల కాలం నుంచి మన చెరువులు చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే కిందిదానికి నీళ్లు. పై ఊరివాళ్లు కాలువ పూడ్చేస్తే కింది ఊరి చెరువు ఎండుతుంది. మీ చెరువు సమస్య మీ ఊళ్లోనే ఉందో, పై ఊళ్లో ఉందో ముందే తెలియాలి.

తర్వాత చెరువు మీద బతికేవాళ్లతో మాట్లాడండి. నీళ్లు వదిలే నీరటి ఇంకా ఉంటే మొదట ఆయన దగ్గరికే వెళ్లండి. మత్స్య సహకార సంఘం వాళ్లు, బట్టలు ఉతికే రజకులు, బర్రెలు తోలేవాళ్లు, ఆయకట్టు రైతులు, బతుకమ్మ నాడు కట్ట మీదికి వచ్చే ఆడవాళ్లు, వీళ్లందరికీ చెరువులో వాటా ఉంది. తెలంగాణలో చెరువులను బాగుచేసే పథకం మిషన్ కాకతీయ 2015లో మొదలైంది. మీ చెరువులో అప్పుడు పూడిక తీశారా, ఆ మట్టి ఎవరి పొలాలకు చేరింది అని అడిగితే చాలు, మాటలు వాటంతటవే సాగుతాయి.

ఇలా తిరిగాక ఒక్క ప్రశ్న ఎంచుకోండి. "పర్యావరణ పరిరక్షణ" అన్నది ప్రశ్న కాదు. "మన మోరీ నీళ్లు చెరువులో ఎక్కడ కలుస్తున్నాయి, రోజుకు ఎంత?" అన్నది ప్రశ్న. "కట్ట మీద చెత్త ఎవరెవరి ఇళ్ల నుంచి వస్తోంది, అందులో ఏముంది?" అన్నదీ ప్రశ్నే. పరిష్కారంలో కొంతైనా ఊళ్లోవాళ్ల చేతిలో ఉన్న ప్రశ్న కావాలి. లేకపోతే ఆరు వారాల తర్వాత పిల్లలకు నిరుత్సాహమే మిగులుతుంది. ఈ వ్యాసంలో నేను మోరీ ప్రశ్ననే పట్టుకుని చెబుతాను.

నవంబర్ చివర మొదలుపెడితే బాగుంటుంది. చెరువులో నీళ్లుంటాయి, ఎండ ఉండదు, వలస పక్షులు వచ్చి ఉంటాయి, బడిలో పరీక్షల ఒత్తిడి తక్కువ. ఆరు ఆదివారాలు సంక్రాంతి లోపే అయిపోతాయి. చాలా ఊళ్లలో జనవరి 26న గ్రామసభ పెడతారు, పిల్లలు మాట్లాడటానికి అది సరైన రోజు. ఒక ఇబ్బంది ఉంది, అవి పత్తి ఏరే రోజులు. ఆదివారం పిల్లల్ని పొలానికి తీసుకెళ్లే ఇళ్లు ఉంటాయి. ఆ తల్లిదండ్రులతో ముందే మాట్లాడి, పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టి పదకొండున్నరకల్లా వదిలేస్తామని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. పదో తరగతి వాళ్లను ఈసారికి వదిలేయండి. వాళ్లకున్న టెన్షన్ చాలు.

ఇరవై నాలుగు మంది, ఆరు జట్లు

ఇంతకన్నా ఎక్కువ మందిని తీసుకుంటే సగం మంది నిలబడి చూస్తారు. ఎంపికలో మార్కులు చూడవద్దు. వస్తామన్నవాళ్ల పేర్లు చీటీలు వేసి, ఆడపిల్లలు సగం, మగపిల్లలు సగం వచ్చేలా తీయండి. క్లాస్ లీడర్‌కు ప్రత్యేకంగా చోటు ఉంచనవసరం లేదు. వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడు చెరువు దగ్గర ముందుంటాడు. వాడికి ఏ చేప ఎక్కడ దొరుకుతుందో తెలుసు, కంపలో ఏ పాము తిరుగుతుందో తెలుసు.

ఒక్కో జట్టులో నలుగురు. కొలిచేవారు ఒకరు, రాసేవారు ఒకరు, అడిగేవారు ఒకరు, జట్టు క్షేమం చూసుకునేవారు ఒకరు. ప్రతి వారం ఈ నాలుగు పనులు చేతులు మారాలి. ఇది చాలా ముఖ్యం. మనం పట్టించుకోకపోతే రాత పని ఆడపిల్లలకు, టేపు పట్టే పని మగపిల్లలకు, ఊడ్చే పని ఎప్పుడూ ఊడ్చే ఇళ్ల పిల్లలకు పోతుంది. ఎవరూ చెప్పకుండానే అలా పోతుంది. అందుకే ఎవరు ఏ వారం ఏ పని చేశారో గోడ మీద చార్టు కట్టి రాయండి. చెత్తలో మొదటి చేయి పెట్టేది మీరై ఉండాలి, వీలైతే హెడ్మాస్టరుతో కూడా పెట్టించండి.

అనుమతులు, జాగ్రత్తలు

హెడ్మాస్టరు అనుమతి, పంచాయతీకి ఒక లేఖ, ప్రతి ఇంటి నుంచి సంతకం. సంతకం కాగితం పిల్లల చేతికిచ్చి పంపవద్దు, ఇంటికి వెళ్లి తీసుకోండి. ముఖ్యంగా ఆడపిల్లల ఇళ్లకు టీచరమ్మతో కలిసి వెళ్లండి. ఎక్కడికి తీసుకెళ్తున్నాం, ఎవరు తోడుంటారు, ఎన్నింటికి ఇంటికి వస్తారు అని చెబితే నాన్నలు ఒప్పుకుంటారు. నానమ్మలకు కూడా చెప్పండి, చాలా ఇళ్లలో చివరి మాట వాళ్లదే.

నీళ్ల విషయంలో ఒకే నియమం: ఏ పిల్లా, ఏ పిల్లవాడూ చెరువులోకి దిగకూడదు. మోకాలి లోతు కూడా వద్దు. మొరం తవ్విన గుంతలు ఎక్కడున్నాయో పైనుంచి కనబడదు. ఈత వచ్చిన పిల్లల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. నమూనా నీళ్లు తాడు కట్టిన బకెట్‌తో గట్టు మీది నుంచి తీయాలి. ఈత వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు, పొడుగాటి తాడు, గాలి నింపిన ట్యూబు ఒకటి ఎప్పుడూ కట్ట మీద ఉండాలి.

పాము కరిస్తే కట్టు బిగించవద్దు, కోయవద్దు, మంత్రం వేసేవారి దగ్గరికి తీసుకెళ్లవద్దు. కాలు కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని నంబరు రాసిపెట్టుకోండి. టీటీ ఇంజెక్షన్ల సంగతి ఆశ అక్కను అడిగితే చూస్తుంది. చెప్పులు మాత్రమే ఉన్న పిల్లలు కొందరుంటారు. చెత్త, మోరీ పనుల రోజు వేసుకోవడానికి బూట్లు నాలుగైదు జతలు బడిలోనే ఉంచండి, ఎవరినీ అడగకుండా, ఎవరూ చిన్నబోకుండా.

టిఫిన్ తప్పకుండా పెట్టండి. ఉప్మా, గుడాలు, పల్లీపట్టి, ఏదైనా సరే. ప్లేటు, గ్లాసు ఎవరిది వాళ్లు ఇంటి నుంచి స్టీలువి తెచ్చుకోవాలి. చెత్త గురించి నేర్పే చోట వాడి పారేసే పళ్లెం కనబడకూడదు.

మొదటి ఆదివారం: అడుగుతో పటం

టేపు కన్నా ముందు పిల్లల అడుగే కొలబద్ద. బడి గ్రౌండులో 20 మీటర్ల తాడు పరిచి, ప్రతి ఒక్కరినీ మామూలు నడకతో మూడుసార్లు నడిపించండి. ఎన్ని అడుగులు పడ్డాయో సగటు తీస్తే ఒక్కో అడుగు పొడవు వస్తుంది. ఇక ఆ పిల్ల ఎక్కడికెళ్లినా కొలబద్ద తన దగ్గరే ఉంటుంది.

తర్వాత కట్ట మీదికి. ఆరు జట్లకు ఆరు ముక్కలు పంచండి: కట్ట, తూము, మత్తడి, నీళ్లు వచ్చే వాగు, మోరీ కలిసే చోటు, శిఖం భూమి (చెరువు నిండితే మునిగే భూమి) వైపు. ఎవరి ముక్క వాళ్లు అడుగులతో కొలిచి, కనిపించినవన్నీ రాసుకురావాలి. చెట్టు, చెత్త కుప్ప, బట్టల బండ, గుర్రపుడెక్క ఎంతమేర పరుచుకుంది, బర్రెలు ఎక్కడ దిగుతున్నాయి, అన్నీ.

బడికి తిరిగొచ్చాక ముగ్గుపిండితో గ్రౌండు మీద చెరువు పటం గీయించండి. ఇక్కడ తొందరపడవద్దు, గంట పట్టినా ఫరవాలేదు. ఒక జట్టు కాలువ ఇటు అంటుంది, ఇంకో జట్టు అటు అంటుంది. మీకు జవాబు తెలిసినా చెప్పకండి. "ఎలా తేల్చుకుందాం?" అని మాత్రమే అడగండి. మళ్లీ వెళ్లి చూసి వస్తామని వాళ్లే అంటారు. ఊళ్లో పెద్దవాళ్లను ఇద్దరు ముగ్గురిని ఆ పటం చుట్టూ కూర్చోబెట్టండి. "నా చిన్నప్పుడు నీళ్లు ఈ చింతచెట్టు దాకా వచ్చేవి బిడ్డా" అని ఒక తాత చేతికర్రతో గీత గీస్తే, పూర్తి నీటిమట్టం అంటే ఏమిటో ఆ పిల్లలు ఇక మరచిపోరు.

రెండో ఆదివారం: నీళ్లు

ఈ రోజు మూడు పరీక్షలు చాలు.

మొదటిది నీళ్ల తేట. 20 సెంటీమీటర్ల వెడల్పున్న స్టీలు పళ్లానికి నాలుగు భాగాలుగా నలుపు, తెలుపు రంగులు వేయండి. మధ్యలో రంధ్రం చేసి, కింద బరువు, పైన ప్రతి పది సెంటీమీటర్లకు ముడి వేసిన తాడు కట్టండి. ప్రపంచమంతా చెరువుల శాస్త్రవేత్తలు వాడేది ఇదే, దీన్ని సెక్కీ డిస్క్ అంటారు. చేపలు పట్టే అన్న తెప్ప మీద లోతుకు వెళ్లి దీన్ని దించాలి. పళ్లెం కనబడకుండా పోయిన లోతు ఒకటి, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు ఇంకొకటి. రెండూ అరిచి చెబితే కట్ట మీద పిల్లలు రాసుకుంటారు. రెండింటి సగటే తేట లోతు. ఆ అన్న కూతురో కొడుకో మీ బృందంలో ఉంటే, ఆ రోజు వాళ్ల ముఖం చూడండి.

రెండోది సూక్ష్మజీవుల పరీక్ష. హెచ్‌టూఎస్ సీసా అని చిన్నది దొరుకుతుంది. అందులో నీళ్లు గుర్తు దాకా పోసి మూత బిగించి, 24 నుంచి 48 గంటలు పక్కన పెట్టాలి. నల్లబడితే మలం కలిసిన జాడ ఉన్నట్టు అనుమానించాలి. చెరువు నీళ్లతో పాటు ఇంటి నల్లా నీళ్లు, బడి బోరు నీళ్లు కూడా పెట్టించండి. పని అయ్యాక సీసాల్లో బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసి కాసేపు ఉంచి, అప్పుడే పారబోయాలి. జల్ జీవన్ మిషన్ కింద చాలా పంచాయతీలకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చారు, వాడటం కొందరు మహిళలకు నేర్పారు. కిట్టు పంచాయతీ ఆఫీసు అల్మారాలో ఉండవచ్చు, అడిగి చూడండి. ఆ అక్కలే వచ్చి నేర్పితే ఇంకా మేలు.

కిట్టు దొరికితే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తప్పకుండా చూడండి. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సర్దుకోవచ్చని భారత ప్రమాణం. నల్లగొండ జిల్లాలో వంగిన కాళ్లు, బిగుసుకున్న వెన్నెముకలు ఈ అంకె వెనకాల ఉన్నాయి. పిల్లలకు ఈ మాట చెప్పేటప్పుడు నెమ్మదిగా చెప్పండి, వాళ్ల ఇళ్లలోనే అలాంటి తాతలు ఉండవచ్చు. ఒక జాగ్రత్త: ఇవి తాగే నీళ్ల ప్రమాణాలు. చెరువు నీళ్లకు వీటిని పెట్టి "ఫెయిల్" అని రాయించవద్దు. కొలతకు తప్పుడు అర్థం చెబితే తర్వాత ఎవరూ నమ్మరు.

మూడోది వాసన, రంగు. దీనికి కిట్టు అక్కర్లేదు. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉంటే మురుగుతోనో పొలాల ఎరువులతోనో వచ్చిన పోషకాలు తిని నాచు పెరిగిందని అర్థం. పగలు ఆ నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతాయి, ఒక్కోసారి చచ్చి తేలుతాయి. "ఎవరో మందు కలిపారు" అని ఊరంతా అనుకునే సంగతికి చాలాసార్లు కారణం ఇదే. ఈ ఒక్క విషయం పిల్లలు ఇంటికి వెళ్లి చెబితే, రెండు కుటుంబాల మధ్య ఒక తగువైనా తగ్గవచ్చు.

మూడో ఆదివారం: మోరీని కొలవడం

అసలు ప్రశ్న ఇది. మోరీ చివర పైపు ఉంటే పని తేలిక. పది లీటర్ల బకెట్ పైపు కింద పెట్టి నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. 8 సెకన్లు పట్టిందనుకుందాం, అంటే నిమిషానికి 75 లీటర్లు. గ్లవుజులు వేసుకుని బకెట్ పట్టేది పెద్దవాళ్లే. సెకన్లు లెక్కపెట్టడం, రాయడం, గుణించడం పిల్లల పని.

పైపు లేకుండా కాలువలా పారుతుంటే 5 మీటర్ల దూరం గుర్తు పెట్టి, ఒక ఎండుటాకు వదిలి, ఆ దూరం దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 5 మీటర్లను ఆ సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. కాలువ వెడల్పు, నీళ్ల లోతు, వేగం, మూడూ మీటర్లలోనే ఉంచి గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. పైనీళ్లు అడుగునీళ్ల కన్నా వేగంగా పోతాయి కాబట్టి దాన్ని 0.85తో గుణించాలి. ఘనపు మీటరుకు వెయ్యి లీటర్లు.

నిమిషానికి 75 అనగానే ఒక పిల్లవాడు వెంటనే రోజుకు లక్షా ఎనిమిది వేల లీటర్లని లెక్క కట్టేస్తాడు. లెక్క తప్పు కాదు, కానీ అక్కడే ఆపండి. "రాత్రి రెండు గంటలకు కూడా ఇంతే పారుతుందా?" అని అడగండి. పొద్దున ఏడింటికి అందరి ఇళ్లలో స్నానాలు, బట్టలు, గిన్నెలు. మధ్యాహ్నానికి ధార సన్నబడుతుంది. అందుకే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేర్వేరు జట్లు వంతులవారీగా పెద్దల తోడుతో కొలిచి రావాలి. అలా వచ్చిన లెక్క చిన్నదైనా గట్టిగా నిలుస్తుంది. అతిగా చెప్పిన అంకెను ఒక్క ప్రశ్నతో కొట్టేయవచ్చని పిల్లలకు ఈ దశలోనే అర్థం కావాలి.

అదే రోజు ఆనందం కోసం ఇంకో లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. బడి పైకప్పు 200 చదరపు మీటర్లయితే 25 మిల్లీమీటర్ల వానకు ఐదు వేల లీటర్లు. ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయో పిల్లలతో కలిసి నడిచి చూడండి.

నాలుగో ఆదివారం: చెత్త

ముందు రోజు పంచాయతీవాళ్లతో చెప్పి, ఒక వీధి చెత్త ట్రాక్టర్ ఎక్కించకుండా బడికి తెప్పించండి. చెట్టు కింద టార్పాలిన్ పరిచి దాని మీద పోయాలి. గ్లవుజులు, మాస్కులు, పొడుగాటి పట్టకార్లు ఉండాలి. సూదులు, బ్లేడ్లు, డైపర్లు, ప్యాడ్లు ముందుగా పెద్దవాళ్లు ఏరి పక్కన పెట్టాకే పిల్లలు దగ్గరికి రావాలి.

తడిది, కాగితం, గట్టి ప్లాస్టిక్, పల్చటి కవర్లు, గాజు, ఇనుము అని వేర్వేరు కుప్పలు చేసి, గోనెసంచిలో వేసి స్ప్రింగ్ త్రాసుతో తూచాలి. తూచాక ఈ పాఠానికి గురువులను పిలవండి. ఒకరు పాత సామాన్లు కొనే అన్న. ఆయన ప్లాస్టిక్‌ను చేత్తో నలిపి, చప్పుడు విని ఇది అమ్ముడుపోతుంది, ఇది పోదు అని చెబుతారు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ కవర్లు ఆయన కొనరు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి, వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు. రెండోవారు ఊరి సఫాయి కార్మికులు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వాళ్ల పని రోజు ఎలా మొదలవుతుందో చెప్పమనండి. వాళ్లు చెప్పాక నేను ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు, అవసరం పడలేదు.

తడి చెత్త కంపోస్టు గుంతలోకి. ఒక వంతు తడి, మూడు వంతులు ఎండుటాకులు, మధ్యలో పలుచగా మట్టి లేదా పేడనీళ్లు. వారానికోసారి తిరగేయాలి. రెండు మూడు రోజుల్లో కుప్ప మధ్యలో ఇనుప చువ్వ గుచ్చి తీసి పట్టుకుంటే వేడిగా ఉంటుంది. లోపల సూక్ష్మజీవులు పనిచేస్తున్నాయనడానికి ఆ వేడే రుజువు. వాసన వస్తుంటే తడి ఎక్కువైందన్నమాట, ఇంకా ఆకులు వేయాలి.

ఐదో ఆదివారం: మనుషులు

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెబుతాను. మొదటిసారి ఈ వర్క్‌షాప్ చేసినప్పుడు చెత్త పాఠం కాగానే పిల్లల్ని నేరుగా ఇళ్లకు పంపాను. ఒక జట్టు వెళ్లి, కట్ట మీద చెత్త పోస్తున్న ఒక పెద్దమ్మను నలుగురిలో నిలదీసింది. ఆమె ఏడ్చింది. వాళ్ల సందులోకి చెత్త ట్రాక్టర్ రాదని ఆమె చెప్పేదాకా మాలో ఎవరికీ తెలియదు. మరుసటి రోజు ఆ పిల్లలతో కలిసి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆ తర్వాత నుంచి అడగడం నేర్పకుండా ఎవరినీ పంపలేదు.

అడగడం ఇలా నేర్పండి. పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఒకరు పిల్ల, ఒకరు నీరటి తాత అయ్యి మాట్లాడించండి. "చెరువు పాడైపోయింది కదా తాతా?" అని అడిగితే "అవును బిడ్డా" అంటారు, అంతటితో అయిపోతుంది. "మీరు తూము ఎత్తినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా పోయేవి తాతా?" అంటే అరగంట చెబుతారు. రాసుకోవచ్చా అని అడగాలి. పని చేసుకుంటున్నవాళ్లను ఆపకూడదు, పక్కన కూర్చుని వాళ్ల పని పూర్తయ్యాక అడగాలి. చివర్లో "మేం ఏం చేస్తే మీకు ఉపయోగం?" అన్న ప్రశ్న తప్పకుండా ఉండాలి.

ఈ మాటల్లోంచి పిల్లలకు తెలిసేది ఏమిటంటే, చెరువు విషయంలో ఎవరి అవసరం వాళ్లది. రజకులకు బండలు కావాలి. చేపలవాళ్లకు నీళ్లు నిలవాలి, రైతులకు తూము ఎత్తాలి. రెండూ ఒకే నెలలో కావాలంటే తగువే. దీనికి పుస్తకంలో జవాబు లేదు, కూర్చుని తేల్చుకోవాల్సిందే. ఈ సంగతి పద్నాలుగేళ్లకే తెలిసిన పిల్ల రేపు వార్డు మెంబరైనా, కలెక్టరైనా పనికొస్తుంది.

వీలుంటే అదే పొద్దున అరగంట పక్షుల్ని లెక్కపెట్టండి. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, బుడబుంగలు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు ఏటా వచ్చి గూళ్లు కడతాయి. అవి అక్కడ బతుకుతున్నాయంటే ఆ ఊళ్లవాళ్లు వాటిని తమవనుకుని కాపాడటం వల్లే. పిల్లలకు ఈ రెండు ఊళ్ల గురించి చెప్పండి.

ఆరో ఆదివారం: తేల్చుకోవడం, రాయడం

ఇప్పుడు ఏం చేయాలో పిల్లలే నిర్ణయించాలి. ముందు అందరూ మాట్లాడకుండా చీటీ మీద రాయాలి. మాటలతో మొదలుపెడితే నలుగురే మాట్లాడతారు, మిగతా ఇరవై మంది వాళ్ల వెనక నిలబడతారు. చీటీలన్నీ గోడకు అతికించి ప్రతిదానికీ మూడు ప్రశ్నలు వేయండి. ఇందులో మన చేతిలో ఉన్నదెంత? నెల రోజుల్లో మొదలవుతుందా? వచ్చే ఏడాది దీన్ని ఎవరు చూసుకుంటారు? మూడో ప్రశ్న దగ్గర చాలా ఆలోచనలు రాలిపోతాయి. రాలనివ్వండి.

మోరీ విషయంలో సాధారణంగా రెండు మిగులుతాయి. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు ఇంటి దగ్గరే ఇంకేలా ఇంకుడు గుంతలు. మోరీ చెరువులో కలిసేచోట చెత్త ఆపే జాలీ, దాని తర్వాత కంకర పోసిన చిన్న మడుగు, అందులో మురుగును పీల్చుకునే మెట్టతామర మొక్కలు. ఇంకుడు గుంత తాగునీటి బోరు పక్కన తవ్వకూడదు, మరుగుదొడ్డి నీళ్లు అందులోకి వదలకూడదు. ఉపాధి హామీ పనుల్లో ఎన్నో ఊళ్లలో ఈ గుంతలు తవ్వారు కాబట్టి పంచాయతీకి ఇది కొత్త పని కాదు.

వినతిపత్రం ఒక్క పేజీ దాటకూడదు. ఇలా ఉంటే చాలు: "సర్పంచ్ గారికి నమస్కారం. మేము ఊరి హైస్కూల్ విద్యార్థులం. ఫలానా తేదీల్లో మోరీ నీళ్లు మూడు పూటలా కొలిచాం. పట్టిక జతచేశాం. మోరీ చివర జాలీ, కంకర మడుగు కట్టించమని కోరుతున్నాం. మెట్టతామర మొక్కలు మేమే నాటుతాం. ప్రతి నెలా నీళ్లు కొలిచి పంచాయతీ బోర్డు మీద రాస్తాం. మీరు ఏ తేదీలోపు మొదలుపెట్టగలరో చెప్పగలరు." అందరి సంతకాలు, రెండు కాపీలు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయించుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, పెద్దయ్యాక ఏ ఆఫీసుకు వెళ్లినా ఈ అలవాటు వాళ్లను కాపాడుతుంది.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నాటి చట్టం, జవాబు ఇవ్వడానికి 30 రోజుల గడువు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. దరఖాస్తు మీరు మీ పేరుతో పెట్టండి, పిల్లల పేర్లతో వద్దు. అలాగే ఏ కాగితంలోనూ ఎవరి ఇంటి పేరూ, ఎవరి కబ్జా అన్న మాటా పిల్లల చేత రాయించవద్దు. ఇది హైదరాబాద్ లాంటి నగరంలో చెరువులతో పనిచేసేవాళ్లకు మరీ ముఖ్యం. అక్కడ పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్ల బఫర్ జోన్ (చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా) ఉండాలన్న నిబంధన పిల్లలకు చెప్పండి, పటంలో గుర్తింపజేయండి. అంతవరకే. భూమి తగాదా పెద్దల పని, దాని బరువు పిల్లల మీద పడకూడదు.

గ్రామసభ రోజు

మాట్లాడేది ఇద్దరు, మూడు నిమిషాలు. ఒక అంకె, ఒక కోరిక, తాము చేస్తామన్న ఒక పని. దీనికి ముందు కనీసం మూడుసార్లు బడిలో గ్రామసభ ఆడించండి. మీరు విసుగ్గా ఉన్న పెద్దమనిషిలా కూర్చోండి. "చదువుకోక మీకెందుకమ్మా ఇవన్నీ?" అనండి. ఆ మాట నిజంగా వస్తుంది కాబట్టి ముందే విని ఉండాలి. "చదువులో భాగంగానే కొలిచాం సార్, పట్టిక ఒకసారి చూడండి" అని నెమ్మదిగా అనగలిగేదాకా సాధన చేయించండి. గొంతు వణికినా ఫరవాలేదు, అంకె తప్పకుండా ఉంటే చాలు. మాట్లాడలేమన్న పిల్లలు పటం పట్టుకుని పక్కన నిలబడాలి, పట్టిక పంచాలి. అదీ పనే.

మీరు వెనక వరసలో కూర్చోండి. పిల్ల మధ్యలో ఆగిపోతుంది, మీ వైపు చూస్తుంది. మాట అందించాలని మీ ప్రాణం కొట్టుకుంటుంది. అందించకండి. పది సెకన్లు గడిస్తే తానే అందుకుంటుంది.

తర్వాత

వెంటనే "సరే" అంటే తేదీ రాసుకుని, ఆ తేదీకి ఇద్దరు పిల్లలు వెళ్లి గుర్తు చేయాలి. "చూద్దాం" అంటే నెల తర్వాత కొత్త కొలతలతో మళ్లీ వెళ్లాలి. ఈలోపు తమ చేతిలో ఉన్నది ఆపకూడదు: బడి చేతులు కడిగే నల్లాల దగ్గర ఇంకుడు గుంత, కంపోస్టు, నెలకోసారి తేట లోతు.

కొలతలన్నీ ఒకే రిజిస్టరులో ఉండాలి, అట్ట గట్టిది, పేజీలకు నంబర్లు వేసినది. తేదీ, సమయం, ఎవరు కొలిచారు, వాన పడిందా లేదా. సెక్కీ పళ్లెం, తాడు, త్రాసు, గ్లవుజులు ఒక ఇనుప పెట్టెలో పెట్టి, బడిలో ఎకో క్లబ్ ఉంటే దాని పేరు మీద స్టాకు పుస్తకంలో ఎక్కించండి. టీచరు బదిలీ అయినా పెట్టె బడిలోనే ఉంటుంది. ఏప్రిల్‌లో సెలవులిచ్చే ముందు ఒక రోజు, తొమ్మిదో తరగతి వాళ్లు ఎనిమిదో తరగతి పిల్లలను కట్ట మీదికి తీసుకెళ్లి, మోరీ ఎలా కొలవాలో బకెట్‌తో చూపించి, పెట్టె తాళంచెవి, రిజిస్టరు వాళ్లకు ఇవ్వాలి. ఆ రోజు కొలతను చిన్నవాళ్లే రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి.